గీత వెనుక నుంచి వచ్చే మాట

పత్తికొండలోని మా ఇంటి వసారాలో పక్క గోడకు ఒక గుండ్రని పలక వేలాడుతున్నది. నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల గళ్లు, వాటి చుట్టూ ఒకటి నుంచి ఇరవై వరకు అంకెలు. దానికి ఎదురుగా నేల మీద సుద్దముక్కతో గీసిన ఒక గీత. మా ఇంటికి వచ్చినవారంతా మొదట పలకనే చూస్తారు. ఈ పది నెలల్లో మేము నేర్చుకున్నదంతా ఆ గీత దగ్గర, మరీ ముఖ్యంగా ఆ గీత వెనుక నిలబడి నేర్చుకున్నదే. పిల్లలను పెంచుతున్న ఇతర కుటుంబాలకు ఉపయోగపడవచ్చునన్న ఆశతో దానిని ఇక్కడ రాస్తున్నాము.

గత ఏప్రిల్‌లో మా పెద్దవాడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం గణితంలో తప్పాడు. మే నెలలో సప్లిమెంటరీ రాశాడు. మళ్లీ తప్పాడు. లెక్కలు రానివాడు కాడు. ఇంట్లో అవలీలగా చేసిన లెక్కే పరీక్ష గదిలో ఎదురైనప్పుడు చేయి కదలలేదని చెప్పాడు. మేము నమ్మలేదు. చదవనివారు చెప్పే సాకు అనుకున్నాము. ఆ మాట వాడి ముఖం మీదే అన్నాము. ఈ వ్యాసంలో 'మేము' అంటే వాడి తల్లీ తండ్రీ. మాటలన్నది తండ్రి. వింటూ అడ్డు చెప్పక ఊరకున్నది తల్లి. తప్పులో ఇద్దరికీ భాగమున్నది కనుక ఇద్దరమూ కలిసే రాస్తున్నాము.

బక్రీదు పండుగకు వాడి మేనమామ కువైట్ నుంచి వచ్చాడు. ఖర్జూరాలు, అత్తరు సీసాలతో పాటు ఈ పలకనూ ఆరు బాణాలనూ తెచ్చాడు. ఇత్తడి ఒడలు, ఉక్కు మొన, వెనుక చిన్న రెక్కలు ఉన్న బాణాలు అవి. ఈ ఆట పేరు డార్ట్స్. ఇంగ్లండులో మద్యశాలల గోడల మీద పెరిగిన ఆట అని తెలిసి మొదట మేము వెనుకాడాము. మస్జిదు ఇమాం సాహెబు గారిని అడిగాము. ఆయన మూడు షరతులు చెప్పారు. ఆటలో పందెం ఉండరాదు, నమాజు వేళ దాటరాదు, ఏ ప్రాణినీ గురి చేసుకోరాదు. విలువిద్య నేర్చుకోమని దైవప్రవక్త (సఅసం) ప్రోత్సహించిన సంగతీ, ప్రాణమున్నదానిని గురిగా నిలబెట్టడాన్ని ఆయన నిషేధించిన సంగతీ గుర్తుచేశారు. బాణాలతో మస్జిదులోకో బజారులోకో వచ్చేవారు ఎవరికీ గాయం కాకుండా మొనలను చేతితో పట్టుకుని నడవాలన్న ప్రవక్త బోధనను మా చిన్నమ్మాయి ఆ రోజే కంఠస్థం చేసింది. నాటి నుంచి మా ఇంట్లో బాణం చేతులు మారినప్పుడల్లా మొన పిడికిట్లోనే ఉంటుంది.

పలక చూసి అందరికంటే ఎక్కువగా సంతోషించినది మా జేజి. కళ్లు సరిగా కానరావు కనుక చేతితో తడిమి చూసింది. "ఇది కిత్తనార గదరా! దీంతో మేం పగ్గాలు పేనినాం," అన్నది. ఆమె చెప్పినది నిజమే. మంచి డార్ట్ పలకను కిత్తలి జాతి మొక్క నుంచి తీసిన నారతోనే చేస్తారు. నారపోగులను నిలువుగా పేర్చి, గట్టిగా అదిమి, చుట్టూ ఇనుప పట్టీ బిగిస్తారు. బాణం దిగినప్పుడు పోగులు పక్కకు జరుగుతాయి. తీసివేసినప్పుడు మళ్లీ దగ్గరవుతాయి. అందుకే వేలసార్లు గుచ్చినా పలక చిల్లులు పడదు.

బట్టలు కుట్టే టేపుతోనే కొలతలు తీశాము. పలక నడిబొడ్డు నేల నుంచి 5 అడుగుల 8 అంగుళాల ఎత్తున ఉండాలి. గీత పలక ముఖం నుంచి 7 అడుగుల 9¼ అంగుళాల దూరాన ఉండాలి. పిల్లలు బాణం ఏరుకునేటప్పుడు గీత దగ్గర మరెవ్వరూ బాణం ఎత్తరాదన్నది మేము పెట్టుకున్న మొదటి నియమం.

మొదటి వారమంతా గోడకు గాయాలే. మా వాడు బలమంతా ఉపయోగించి విసిరేవాడు. బాణం పలకను తాకి వెనక్కు దూకేది, లేదా సున్నపు గోడలో దిగేది. జేజి ఆ చప్పుడు విని ఒకనాడు వాడిని దగ్గరకు పిలిచింది. మా పెద్దలు దూదేకులవారు. మా తాత ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకినవాడు. "మీ తాత విల్లు మీద బలంగా కొట్టేటోడు గాదు అబ్బీ. నారికి తగలాల్సినంతే తగలాల. కోపంతో కొడితే నారి తెగుతాది, దూది మాత్రం ఏకదు. ఒకే దెబ్బ, ఒకే చప్పుడు, పొద్దంతా," అన్నది.

ఆట మెళకువలన్నీ ఆ నాలుగు మాటల్లోనే ఉన్నాయని తరువాత తెలుసుకున్నాము. కుడిచేతి వాటం వారు కుడి పాదాన్ని గీత వద్ద ఉంచి బరువు దానిపై మోపాలి. నడుము, భుజం కదలరాదు. బాణాన్ని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలుతో పడిపోకుండా ఉండేటంత గట్టిగా, నలగనంత మెత్తగా పట్టుకోవాలి. మోచేయి ఒకే చోట నిలవాలి. ముంజేయి మాత్రం చెంప దాకా వెనక్కు వచ్చి ముందుకు సాగాలి. బాణం విడిచిన తరువాత కూడా చేయి గురి వైపే చాచి ఉండాలి. మధ్యలో ఆపితే బాణం కిందికి వాలుతుంది. ఇందులో బలంతో పనిలేదు. పదిసార్లు విసిరితే పదిసార్లూ చేయి ఒకేలా నడవడమే పని.

రెండవ పాఠం గుంపు గురించి. మూడు బాణాలు ఇరవై గడిలో పడకపోయినా ఒకదానికొకటి దగ్గరగా పడితే అది మంచి గుర్తు. చేయి ఒకే దారిన నడుస్తున్నదన్నమాట. ఇక గురిని మాత్రం కాస్త జరుపుకుంటే చాలు. మూడు బాణాలు మూడు దిక్కులకు పోయి, వాటిలో ఒకటి అదృష్టవశాత్తు ఇరవైలో పడితే దానికి సంతోషించనవసరం లేదు. అవి తొలకరి రోజులు. వాన పడగానే జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల చేలలో వజ్రాల కోసం జనం నేల వెతుకుతూ తిరగడం మా ప్రాంతంలో ఏటా చూసేదే. జేజి ఆ మాట తీసి, "వజ్రం దొరికితే దొరికినట్లు. దాన్ని నమ్మి సేద్యం ఇడిసిపెడతామా?" అన్నది. నాటి నుంచి అదృష్టం కొద్దీ తగిలిన బాణాన్ని మా పిల్లలు 'జొన్నగిరి బాణం' అని పిలుస్తున్నారు. దానిని పుస్తకంలో రాసుకోరు.

మూడవ పాఠం ఆశ గురించి. పలకలో అన్నిటికంటే పెద్ద అంకె 20 పైభాగాన ఉంటుంది. దాని ఇరుపక్కలా 1, 5 ఉంటాయి. గడి మధ్యనున్న సన్నని పట్టీలో పడితే విలువ మూడింతలై 60 వస్తుంది. కానీ ఆ పట్టీ వెడల్పు 8 మిల్లీమీటర్లే. కాస్త పక్కకు తప్పితే ఒకటో అయిదో మిగులుతుంది. ఎడమ వైపు వరుసగా 14, 11, 8, 16 ఉన్నాయి. చేయి ఇంకా కుదరనివారు అటు గురిపెడితే తప్పినా నష్టం తక్కువ. తన చేతి స్థితిని తాను ఎరిగి గురి ఎంచుకోవడం ఓటమి కాదని మా వాడికి ఆ పలక చెప్పింది. తండ్రికి మాత్రం అప్పటికి ఇంకా అర్థం కాలేదు. వీడు ఎప్పుడూ ఇరవైనే కొట్టాలని ఆయన పట్టు.

ఆగస్టులో మేనమామ తిరుగు ప్రయాణానికి ముందరి ఆదివారం బంధువులంతా మా ఇంట భోజనానికి వచ్చారు. పిల్లలు ఆట మొదలుపెట్టారు. ఒక అబ్బాయి తలా పది రూపాయలు పెడదామన్నాడు. ఇమాం సాహెబు గారి మాట గుర్తుచేసి అక్కడికక్కడే ఆపాము. పందెం ఆపినందుకు మాలో మేము తృప్తిపడ్డాము కూడా. ఆ తరువాత మేము చేసినది పందెం కంటే మేలైనదేమీ కాదు.

ఈ ఆటలో 501తో మొదలుపెట్టి ప్రతి మూడు బాణాల మొత్తాన్ని తీసివేస్తూ రావాలి. చివరి బాణం పలక అంచునున్న రెట్టింపు పట్టీలో పడి, లెక్క సరిగ్గా సున్నకు రావాలి. మా వాడికి 32 మిగిలింది. పదహారు రెట్టింపులో పడితే గెలుపు. ఆటగాళ్లు ఇష్టపడే అంకె అది. లోపలికి తప్పి ఒంటి పదహారు పడినా మరో 16 మిగులుతుంది, అప్పుడు ఎనిమిది రెట్టింపు కొట్టవచ్చు. అందరూ మాటలు మాని చూస్తున్నారు. వాడు బాణం ఎత్తాడు. చేయి చెంప దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. మళ్లీ దించాడు, మళ్లీ ఎత్తాడు. వేళ్లు బాణాన్ని విడవలేదు. నుదుట చెమట పట్టింది.

"చేతికందినది జారవిడవడం వీడికి అలవాటే కదా!" అన్నాడు తండ్రి, గీత వెనుక నుంచి.

అందరూ నవ్వారు. వాడు మూడు బాణాలనూ మొనలు లోపలికి ఉండేలా బల్ల మీద పెట్టి, మేనమామకు సలాం చెప్పి, మస్జిదు వైపు వెళ్లిపోయాడు. ఆ తరువాత పది రోజులు వసారాలోకి రాలేదు. పుస్తకాల దగ్గరా కూర్చోలేదు. మేము దానిని అలక అనుకున్నాము.

పదకొండవ రోజు రాత్రి ఇషా నమాజు ముగించి వచ్చిన తండ్రి ఊరకే బాణం అందుకున్నాడు. ఎవరూ లేరు. మొదటి రెండు బాణాలు చక్కగా దిగాయి. మూడవది ఎత్తినప్పుడు కొడుకు నీళ్లకని వచ్చి గుమ్మంలో నిలిచాడు. ఒక్కమాటా అనలేదు. తండ్రి చేయి చెంప దగ్గర ఆగిపోయింది. నలభై ఏడేళ్ల మనిషి, మార్కెట్ యార్డులో టమోటా గంపలు ఎత్తి దించే చేయి. చిన్న ఇత్తడి బాణాన్ని విడవలేకపోయింది. వీడి ఎదుట తప్పితే ఎలా అన్న ఒక్క తలంపు వేళ్లను బిగించి పట్టింది. తల్లి వంటింటి గడప నుంచి ఇద్దరినీ చూసింది. తండ్రి బాణం దించి, "ఆ రోజు నీకు ఇట్లే అయిందా?" అని అడిగాడు.

వాడు చాలాసేపు పలకలేదు. చివరకు, "నాయనా, చేయి ఎత్తినప్పుడు నాకు పలక కనబడదు. మీ ముఖాలు కనబడతాయి. పరీక్షలో కూడా అంతే," అన్నాడు.

ఆ రాత్రి మేమిద్దరమూ వాడిని క్షమించమని అడిగాము. బిడ్డను క్షమాపణ కోరడం మాకు అలవాటు లేని పని. వాడు తల వంచుకుని, "అట్లా అడగొద్దు నాయనా," అన్నాడు. అయినా అడిగాము.

చేయి ఇలా బిగిసిపోవడం ఈ ఆటలో పేరున్న వ్యాధి వంటిదేనని తరువాత తెలిసింది. దానిని డార్టైటిస్ అంటారు. 1980 నుంచి 1986 లోపు అయిదుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన ఇంగ్లండు ఆటగాడు ఎరిక్ బ్రిస్టో దాని బారిన పడ్డాడు. కళ్లకు గురి కనబడుతుంది, చేతికి దారి తెలుసు, వేళ్లు మాత్రం విడవవు. ఆయన కోలుకుని మళ్లీ పెద్ద పోటీలలో ఫైనల్ దాకా వెళ్లాడు. ఆరవసారి ఆ కిరీటం మాత్రం దక్కలేదు. అంతటి విజేతకే పట్టిన సంకటాన్ని పదిహేడేళ్ల మా బిడ్డ చెబితే మేము సాకు అన్నాము.

ఉహుద్ యుద్ధ ఘట్టం మేము ఎన్నోసార్లు ప్రసంగాలలో విన్నదే. హిజ్రీ 3వ సంవత్సరంలో దైవప్రవక్త (సఅసం) అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) నాయకత్వాన యాభై మంది విలుకాండ్రను ఒక గుట్ట మీద నిలిపారు. గెలిచినా ఓడినా చోటు విడవవద్దని ఆజ్ఞాపించారు. శత్రువు వెనుదిరగడం చూసి, గెలుపు చేతికి వచ్చేసిందనుకుని, వారిలో చాలామంది యుద్ధసొత్తు కోసం కిందికి దిగారు. ఖాళీ అయిన ఆ వైపు నుంచే శత్రు ఆశ్వికదళం విరుచుకుపడింది. అల్లాహ్ వారిని మన్నించినట్లు ఖుర్ఆన్ తెలుపుతున్నది కనుక ఆ మహనీయులను తప్పుపట్టే అర్హత మాకు లేదు. మా ఇంటికి మాత్రం అందులో ఒక పాఠం కనబడింది. పని ఇంకా చేతిలో ఉండగానే చూపు ఫలితం మీదికి పోయింది. మా బిడ్డ చూపును అటు లాగుతూ వచ్చినవారము మేమే. మార్కులు ఎన్ని, ర్యాంకు ఎంత, పక్కింటివారి పిల్లవాడికి ఎంత వచ్చింది అని రోజూ అడిగింది మేమే.

ఆ తరువాత వసారాలో కొన్ని పద్ధతులు ఏర్పడ్డాయి. ఒకరు గీత వద్ద నిలిచినప్పుడు వెనుకనున్నవారు మాట్లాడరాదు. మెచ్చుకోలు కూడా వద్దు, ఎందుకంటే పొగడ్త కూడా ముఖాలనే గుర్తుచేస్తుంది. బాణం వేసేవారు ప్రతిసారీ ఒకే క్రమాన్ని పాటించాలి. పాదం సరిచూసుకోవాలి, బిస్మిల్లాహ్ అనుకోవాలి, ఒక శ్వాస నిదానంగా విడవాలి, గురిని చూడాలి, వేయాలి. చేయి బిగిస్తే బలవంతాన విసరకుండా దించి, గీత నుంచి ఒక అడుగు వెనక్కు వచ్చి, ఆ క్రమాన్ని మొదటి నుంచి ప్రారంభించాలి. మూడు బాణాలూ పడ్డాకే లెక్క చూడాలి. ఏరుకోవడానికి పలక దాకా నడిచే ఆ కొద్దిపాటి దూరంలోనే తప్పిన బాణాన్ని మరచిపోవాలి. అరగంట దాటి ఆడరాదు. అలసిన చేయి తప్పునే అలవాటు చేసుకుంటుంది.

మా వాడు ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాడు. ఒకటి నుంచి ఇరవై వరకు రెట్టింపు గడులను వరుసగా కొట్టడం వాడి రోజువారీ అభ్యాసం. పుస్తకంలో గెలుపోటములు రాయడు. తొందరపడ్డానా, తొందరపడలేదా అన్నదొక్కటే రాస్తాడు. మొదటి నెల పుటలనిండా 'తొందర' అనే ఉన్నది. డిసెంబరు నాటికి ఆ మాట పలచబడింది. చేయి బిగియడం పూర్తిగా పోలేదు. ఇప్పటికీ వారానికి ఒకటి రెండుసార్లు వస్తుంది. అయితే వచ్చినప్పుడు ఏమి చేయాలో వాడికి తెలుసు. వెనుక నుంచి ఏమి అనకూడదో మాకు తెలుసు.

పిల్లలకు మేము రెండు ఉదాహరణలు చెబుతుంటాము. ఇంగ్లండుకు చెందిన ల్యూక్ లిట్లర్ పదహారేళ్ల వయసులో, 2024 జనవరిలో, ప్రపంచ పోటీ ఫైనల్‌లో ఓడిపోయాడు. సరిగ్గా ఏడాదికి, 2025 జనవరిలో, పదిహేడేళ్లకే విజేత అయ్యాడు. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల విలువిద్యలో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఆమె ఆడే కాంపౌండ్ విభాగంలో గురి 50 మీటర్ల దూరాన ఉంటుంది. పది పాయింట్ల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లే. అంత దూరాన అంత చిన్న చోట బాణం వెంట బాణం దింపాలంటే, అప్పటిదాకా ఎన్ని తగిలాయి, ఎన్ని తప్పాయి అన్నది ఆ క్షణాన మనసులో ఉండరాదు. మా పిల్లలు విజేతలు కావాలని ఈ మాటలు చెప్పడం లేదు. చేతిలో ఉన్న ఒక్క బాణం మీదనే మనసు నిలపడం నేర్చుకుంటే చాలు.

సంకల్పం, కృషి మనవి, ఫలితం అల్లాహ్ చేతిలో ఉన్నదని మేము చిన్ననాటి నుంచి వింటున్నాము, ఇతరులకు చెబుతున్నాము. దానిని తవక్కుల్ అంటారని పిల్లలకు నేర్పాము కూడా. అయితే బిడ్డ ఫలితం కాగితం చేతికి రాగానే ఆ మాట మరచిపోయాము. బాణం వేళ్లను విడిచాక దాని మీద ఎవరికీ అధికారం లేదు. పాదం, శ్వాస, చూపు, నిదానం మాత్రమే మన వశంలో ఉన్నవి. వాటికి బిడ్డను జవాబుదారీ చేయవచ్చు. గాలిలోకి పోయినదానికి చేయలేము.

మార్చి నెలలో వాడు గణితం మళ్లీ రాశాడు. ఆ ఉదయం తండ్రి బస్టాండు దాకా వెంట వెళ్లాడు. అలవాటు కొద్దీ నోటి చివరకు వచ్చిన హెచ్చరికలన్నీ మింగి, సలాం మాత్రం చెప్పాడు. సాయంత్రం వాడు తిరిగి వచ్చాక, "ఎట్లా రాశావు?" అని అడగడానికి బదులు తల్లి అన్నం పెట్టింది. భోజనం ముగిశాక వాడే చెప్పాడు. రెండవ ప్రశ్న దగ్గర చేయి ఆగిందట. కలం కింద పెట్టి, శ్వాస విడిచి, ఆ ప్రశ్నను వదిలి ముందుకు పోయి, చివర్లో దాని దగ్గరకు తిరిగి వచ్చాడట. "పూర్తిగా చేశానో లేదో తెలియదు నాయనా. కానీ చేయి మళ్లీ కదిలింది," అన్నాడు. గుమ్మం దగ్గర కూర్చున్న జేజి, "నారి తెగలేదు గదా, చాలు పో," అన్నది.

ఈ వ్యాసం రాస్తున్న నాటికి ఫలితాలు రాలేదు. రేపో మాపో వస్తాయి. వచ్చేది ఏదైనా ఆ రోజు ఇంట్లో ఏమి మాట్లాడాలో మేమిద్దరమూ ముందుగానే నిర్ణయించుకున్నాము. ఉత్తీర్ణుడైతే ఇద్దరమూ వాడితో కలిసి షుక్రానా నమాజు చేస్తాము. తప్పితే వాడు గీత నుంచి ఒక అడుగు వెనక్కు వచ్చి మళ్లీ నిలబడే దాకా వెనుక మౌనంగా ఉంటాము. ఆ మౌనాన్ని నిలుపుకునే శక్తిని అల్లాహ్ మాకు ప్రసాదించుగాక!